గట్టు మీది రెండు గొంతులు

పిట్టలను గుర్తుపట్టేటప్పుడు కంటికన్నా ముందు చెవిని నమ్మాలని నాకు నేర్పినవి రెండు ప్రినియాలు: బూడిద ప్రినియా, సాదా ప్రినియా. రెండూ పిచ్చుకకన్నా చిన్నవి. రెండూ పొడవాటి తోక ఎత్తి ఆడిస్తూ, పొదల్లో పురుగులు ఏరుకు తినేవే. దక్కన్‌లో పనిచేసిన సైనికాధికారి విలియం హెన్రీ సైక్స్ 1832లో ఈ రెండింటినీ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు.

వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవి దాటి తాండూరు వైపు సాగితే కంది చేల గట్ల మీద రెండూ పక్కపక్కనే దొరుకుతాయి. వెలుతురు బాగుంటే చిక్కే లేదు. బూడిద ప్రినియాకు తల ముదురు బూడిద రంగు, పొట్ట లేత తుప్పు రంగు, కళ్లు ఎర్రన. సాదా ప్రినియా వీపంతా మట్టిరంగు, కంటిపైన తెల్లటి గీత. ఎండ ఎదురైతే మాత్రం రెండూ నల్లటి నీడలే.

అప్పుడు పాట వినాలి. బూడిద ప్రినియా ‘జివీ జివీ జివీ’ అంటూ ఒకే పలుకును గట్టిగా తిప్పితిప్పి అంటుంది. ఉలిక్కిపడి ఎగిరితే చిటచిటమని చప్పుడు వినిపిస్తుంది. సాదా ప్రినియా గడ్డి కొసన కూర్చుని మిడత రొదలా పొడిగా, ఎడతెగకుండా పాడుతుంది.

గూళ్లూ వేరే. బూడిద ప్రినియా తరచుగా వెడల్పాటి ఆకులను కలిపి కుట్టుకుంటుంది. గుడ్లు ఇటుకరంగులో నిగనిగలాడతాయి. సాదా ప్రినియా గడ్డిపోచలతో సంచిలా అల్లుతుంది. లేత నీలి గుడ్ల మీద మచ్చలుంటాయి. నాలుగు ఆకుమొక్కలుంటే మొదటిది ఊళ్లో పెరటి తోటలోనైనా బతుకుతుంది. రెండోదానికి ఎత్తైన గడ్డి కావాలి. ఈ తేడా తెలిశాక పేరు చెప్పగలగడంతో నాకు తనివి తీరలేదు. ఏ గట్టున ఏ గొంతు వినిపిస్తోందో, ఏది వినిపించడం లేదో గమనించడమే అసలు పని అనిపించింది.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ చేలలో పురుగులు తిని బతికే ఈ పిట్టలూ ఆ నేలవే. వానాకాలం వీటికి పిల్లలను పెంచుకునే కాలం. రైతన్నలారా, ఆ నెలల్లో కనీసం ఒక్క గట్టునైనా గడ్డిమందు కొట్టకుండా వదిలేయండి.