వైను బల్ల, కల్లు రేక: రుచి మీద ఎవరి పెత్తనం?

మన దగ్గర 'వైన్స్' అని బోర్డు కట్టిన షాపుకు పోయి వైను అడిగినోణ్ని నేను ఇంతవరకు చూళ్లేదు. అక్కడ అమ్మేది క్వార్టర్ విస్కీ, బ్రాందీ, బీరు. పేరు మాత్రం వైను. ఈ పేరు ఊరికే రాలేదు. సారా అంటే కూలోళ్ల తాగుడు, కల్లు అంటే ఊరి తాగుడు, వైన్ అంటే మర్యాదస్తుల సేవనం. మర్యాద సీసాలో లేకపోయినా బోర్డు మీద ఉంటే చాలనుకున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచాక 1993 అక్టోబరులో సారా నిషేధమైంది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది. సడలినప్పుడు తిరిగొచ్చింది సారా కాదు, వైన్స్. బీదోడి సరుకు నేరంగానే మిగిలింది, పెద్దోడి పేరున్న సరుకు సర్కారు ఆదాయమైంది. (సారా తిరిగి రావాలని నేనంటలేను. ఆ ఆడవాళ్లు అడిగింది అన్ని సీసాలూ పోవాలనే.)

ఈ మాట ఎందుకు ఎత్తుకున్నానంటే, అమెరికా దక్షిణాదిలో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్ నగరంలో మేలిరకం వైను సంస్కృతి ఎట్లా పుట్టిందనే కథను కొంతకాలంగా చదువుతున్నాను. నేను ఆ ఊరు పోలేదు. కాని ఆ కథ చెప్పే తీరు నాకు బాగా తెలిసిన తీరు. మన సాహిత్య చరిత్రలు రాసినోళ్లు 'అభిరుచి' గురించి చెప్పే తీరే అది. ముందు ఊరంతా మొరటుగా ఉంటుంది. ఒక రసజ్ఞుడు దూరదేశం పోయి రుచి నేర్చుకుని వస్తాడు. ఊరికి నేర్పుతాడు. ఊరు మెల్లగా నాగరికమవుతుంది. అంతకుముందు ఊళ్లో ఎవరికీ నాలుక లేనట్టు!

బర్మింగ్‌హామ్ కథలో ఆ మనిషి ఫ్రాంక్ స్టిట్. కల్మన్ అనే చిన్న పట్నంలో పుట్టి, బర్క్‌లీలో తత్వశాస్త్రం చదివి, ఫ్రాన్స్‌లో రిచర్డ్ ఓల్నీ అనే వంటల రచయిత దగ్గర పనిచేసి, తిరిగొచ్చి 1982లో హైలాండ్స్ బార్ అండ్ గ్రిల్ పెట్టాడు. ప్రాన్స్ పల్లెల వంటపద్ధతిని అలబామా చేపలకూ మొక్కజొన్న రవ్వకూ కలిపాడు, వాటి పక్కన మంచి ఫ్రెంచి వైను పెట్టాడు. ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్లో అది చిన్న సాహసం కాదు. ఎన్నో ఏళ్లు తుది జాబితా దాకా పోయి, 2018లో ఆ హోటలు దేశంలోకెల్లా ఉత్తమ రెస్టారెంటుగా జేమ్స్ బియర్డ్ అవార్డు తెచ్చుకుంది. 2020 మార్చిలో కరోనా వచ్చి మూతపడింది. ఆయన శ్రమను నేను తక్కువ చేస్తలేను. స్థానిక వంటను చిన్నచూపు చూడని మనిషి ఆయన. నా పేచీ ఆ మనిషితో కాదు, కథతో.

కథ 1982లో మొదలుపెడితే కొన్ని సంగతులు మాయమైపోతాయి. మొదటిది, ఆ ఊళ్లో బల్ల దగ్గర ఎవరు కూచోవచ్చన్నది రుచి ప్రశ్న కాదు, చట్టం ప్రశ్న. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ ఒకే గదిలో తిండి పెట్టడం నేరమని బర్మింగ్‌హామ్ నగర శాసనం చెప్పింది. పెట్టాలంటే మధ్యలో నేల నుంచి ఏడడుగుల ఎత్తు గట్టి అడ్డుగోడ ఉండాలి, వీధిలోంచి ఎవరి తలుపు వాళ్లకు వేరే ఉండాలి. ఏడడుగులే ఎందుకో తెలుసా? అంతకన్నా పొడుగు మనిషి ఉండడు కాబట్టి. చూపు కూడా కలవొద్దు. మన టీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతికి ఇంత లెక్కగా చట్టం రాసినోడు లేడు. మనకు రాయాల్సిన అవసరం పడలేదు, గ్లాసు వేలాడే మొలే చట్టం.

1963 వసంతంలో ఆ ఊళ్లో జరిగిన పోరాటం కోరికల్లో ఒకటి ఏంటంటే, దుకాణాల్లోని భోజనం కౌంటర్ల దగ్గర స్టూలు మీద కూచునే హక్కు. బడిపిల్లలు వీధుల్లోకొస్తే వాళ్లమీదికి కుక్కల్ని వదిలారు, నీళ్ల గొట్టాలు పెట్టారు. అదే ఏడాది సెప్టెంబరు 15న పదహారో వీధి చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపారు. హైలాండ్స్ తలుపు తెరిచేనాటికి ఇదంతా జరిగి ఇంకా ఇరవై ఏళ్లు కూడా కాలేదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. అదే ఊళ్లో ఒల్లీస్ బార్బెక్యూ అనే హోటలుండేది. 220 మంది కూచునే చోటు. 36 మంది పనోళ్లు, వాళ్లలో మూడింట రెండొంతులు నల్లవాళ్లు. 1927లో పెట్టిన నాటి నుంచి నల్ల గిరాకీని లోపల కూచోనివ్వలేదు, పొట్లం కట్టిస్తే పట్టుకుపోవాలి. 1964 పౌరహక్కుల చట్టం వచ్చాక ఆ హోటలు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1964 డిసెంబరులో ఓడిపోయింది. ఎందుకు ఓడిందో చూడండి. అంతకుముందు ఏడాది అది కొన్న లక్షన్నర డాలర్ల సరుకులో 46 శాతం మాంసం, ఆ మాంసం వేరే రాష్ట్రం నుంచి వచ్చింది. రాష్ట్రాల మధ్య వ్యాపారం మీద పార్లమెంటుకు అధికారం ఉంది కాబట్టి హోటలు చట్టానికి లోబడాలి అన్నారు. వండిన చెయ్యి నల్లదైతే మైల లేదు. ఆ చేతి మనిషి కూచుంటే మైల. ఆ మైలను దాటించిందేమో మనిషి గౌరవం కాదు, మాంసం చేసిన ప్రయాణం! కోర్టుకు అది తప్పని దారి అని న్యాయం చదివిన మిత్రుడు నాకు చెప్పాడు. నిజమే కావచ్చు. అయినా చదువుతుంటే కడుపులో ఏదో తిప్పుతుంది.

మూడో సంగతికి ఇంకా వెనక్కి పోవాలి. అలబామాలో వైను కల 1982లో పుట్టలేదు, 1817లోనే పుట్టింది. నెపోలియన్ ఓడిపోయాక పారిపోయి వచ్చిన ఫ్రెంచివాళ్లకు అమెరికా పార్లమెంటు అలబామాలో భూమి ఇచ్చింది, ద్రాక్ష, ఆలివ్ పెంచమని. డిమోపోలిస్ పట్నం అట్లా పుట్టిందే. ఆ నేల దాదాపు అప్పుడే చోక్టా ఆదివాసుల చేతుల్లోంచి పోయింది. యూరపు ద్రాక్ష అక్కడి తేమకూ తెగుళ్లకూ బతకలేదు. కొన్నేళ్లకే ఆ వలస చెదిరిపోయింది, భూములు పత్తికి పోయాయి, పత్తితో బానిసలొచ్చారు. ద్రాక్షతీగ బతకని నేల మీద బానిసత్వం బాగా పండింది. ఆ నేలకు సొంత ద్రాక్ష లేదా అంటే ఉంది, మస్కడైన్. మందం తోలు, గుండ్రటి పండు, తెగుళ్లకు తట్టుకుంటుంది. దాంతో ఇళ్లల్లో తియ్యటి వైను చేసుకునేవాళ్లు, నల్లవాళ్లూ బీద తెల్లవాళ్లూ. వైను పండితులు అమెరికా దేశవాళీ ద్రాక్షల వాసనకు పెట్టిన పేరు నక్కవాసన. ఫ్రాన్స్ ద్రాక్షల్లో మేలైనవాటికి పెట్టిన పేరు కులీన రకాలు. ఈ రెండు మాటలూ విన్నాక ఇంక నేను వ్యాఖ్యానం రాయాల్సిన పని లేదు.

కాని ఒకటి చెప్పకుండా ఉండలేను. 1855లో పారిస్ ప్రదర్శన కోసం బోర్డో వైను తోటలకు అంతస్తులు కట్టారు. ధర చూసి దళారులు కట్టిన అంతస్తులవి, మొత్తం ఐదు. ఐదింటి బయట ఉన్నవాటికి పేరు లేదు. నూట అరవై ఏళ్లు దాటినా ఒక తోట కింది మెట్టు నుంచి పై మెట్టుకు ఎక్కింది ఒక్కసారే, 1973లో. మెట్లు కట్టి, పుట్టిన నేలను బట్టి విలువ చెప్పి, దానికి శాశ్వతత్వం ఇచ్చే పద్ధతి అంబేద్కర్ని చదివిన ఎవరికైనా ఎక్కడో చూసినట్టే ఉంటుంది. సీసాలకూ మనుషులకూ పోలికేంటని అడగొచ్చు. పోలిక సీసాలతో కాదు, సీసాల మెట్లు బట్టీపట్టి తనను తాను పై మెట్టు మీద పెట్టుకునే మనిషితో.

వైను రుచి చూసే భాష వినండి. చెర్రీ, తోలు, తడిసిన మట్టి, పొగాకు. అవన్నీ నాలుకకు తెలియాలంటే పది సీసాలు పక్కపక్కన పెట్టి పోల్చి చూసే డబ్బూ తీరికా కావాలి. ఆ డబ్బు మాట చెప్పరు, నాలుక పుట్టుకతో సున్నితం అంటారు. మన అలంకారికులు సహృదయుడు అన్న మాట అట్లాగే వాడారు. రసం అందరికీ అందదు, పూర్వజన్మ వాసన ఉండాలట. ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త పియెర్ బూర్దియో 1979లో ఇదే చెప్పాడు, అభిరుచి అనేది వర్గం వేసుకున్న వేషమని. ఆయన కన్నా ముందు మా వాడలో ముసలమ్మలు ఇంకా సూటిగా చెప్పేవాళ్లు. అచ్చు వేయడానికి కుదరదు.

ఇంకో మాట. మంచి వైను అంటే దాచిపెట్టిన వైను. పదేళ్లు, ఇరవై ఏళ్లు నేలమాళిగలో నిద్రపోవాలి. అంటే పదేళ్లు డబ్బు నిద్రపోయినా తిండికి లోటు లేని ఇల్లుండాలి. కల్లు దీనికి పూర్తిగా ఎదురు. లొట్టిలో పడుతుండగానే పులుపు మొదలవుతుంది, పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి తాగలేం. దాన్ని దాచలేం, కొడుక్కి ఆస్తిగా రాసివ్వలేం. గౌడాయన రోజూ చెట్టెక్కాల్సిందే. ఉత్పత్తి కులాల పానీయాలన్నీ ఏ పూటకాపూటవి. వారసత్వంగా వచ్చే పానీయం వేరే వర్గానిది. కల్లులోనూ చెట్టు చెట్టుకూ రుచి వేరు, పోతుతాడు వేరు, పండుతాడు వేరు, ఈతకల్లు వేరు. మా నాయిన గుక్క తాగి ఏ గట్టు మీది చెట్టో చెప్పేవాడు. ఆ నాలుకకు ఎవరూ పట్టా ఇవ్వలేదు.

పట్టా మాట వచ్చింది కాబట్టి చెప్తాను. వైను వడ్డించడంలో నిపుణులకు పరీక్షలు పెట్టి పట్టా ఇచ్చే సంస్థ ఒకటుంది, మాస్టర్ సొమెలియేల కోర్టు. అందులో పై పట్టా ఉన్నవాళ్లను 2020 దాకా 'మాస్టర్' అని పిలిచి ఇంటిపేరు చేర్చాల్సి ఉండేది. తాహీరా హబీబీ అనే నల్లజాతి స్త్రీ పరీక్షకు పోయి, తెల్ల పరీక్షకుల్ని మాస్టర్ అని పిలవాలంటే విని, ఆ దారే వదిలేసింది. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత ఆమె ఈ సంగతి బయటపెట్టాక ఆ సంస్థ అట్లా పిలిపించుకోవడం మానేసింది. మాస్టర్ అంటే యజమాని. బానిసల మనవరాలి నోట్లో ఆ మాట ఎట్లా తిరుగుతుందో తెలుగులో చెప్పాలంటే 'దొరా' అంటే చాలు. రుచి పరీక్ష రాయాలంటే ముందు దొరా అనాల్సి వచ్చేది!

నల్లవాళ్లకు వైను తెలియదా? వ్యాపారికి బాగా తెలుసు వాళ్లకు ఏం అమ్మాలో. 1957లో గాలో కంపెనీ థండర్‌బర్డ్ అనే చవక, ఘాటు వైను తెచ్చింది. నల్లవాడల్లో జనం తెల్ల పోర్టులో నిమ్మరసం కలుపుకుంటున్నారని గమనించి, ఆ కలిపిన రుచినే సీసాలో పట్టి వాళ్లకే అమ్మింది. వాళ్ల రుచి వాళ్లదే, లాభం మాత్రం వాళ్లది కాదు. పైగా ఆ సీసా తాగినందుకు తర్వాత తాగుబోతులన్న పేరు కూడా వాళ్లకే. అలబామాలో 1915లోనే మద్యనిషేధం వచ్చింది. నల్లోడి చేతికి సీసా అందొద్దనే భయం ఆనాటి దక్షిణాది నిషేధ ప్రచారాల్లో బాగా పనిచేసింది. దూబగుంటలో తాగుడు ఆపమన్నది తాగుబోతుల భార్యలు, అక్కడ ఆపమన్న గొంతుల్లో యజమానులవీ ఉన్నాయి. రెండింటికీ నిషేధం అనే ఒకే పేరు పెడితే చరిత్ర అర్థం కాదు. 2021లో చట్టం మారి ఇప్పుడక్కడ ఇంటికే వైను తెప్పించుకోవచ్చు, ఏడాదికి పన్నెండు పెట్టెల దాకా. ఎవరి ఇంటికి వస్తాయో వేరే చెప్పాలా?

ఇంత చెప్పాక హైలాండ్స్ దగ్గరికి మళ్లీ రావాలి. 2018లో ఆ హోటలుకు వచ్చిన అవార్డు ఒకటి కాదు, రెండు. దేశంలో ఉత్తమ మిఠాయి వంటగత్తె అవార్డు డోలెస్టర్ మైల్స్‌కు వచ్చింది. నల్లజాతి స్త్రీ. హోటలు తెరిచిన 1982 నుంచీ ఆ వంటింట్లోనే ఉంది, బడికి పోయి నేర్చుకున్న విద్య కాదు. ఆమె కొబ్బరి పెకాన్ కేకు కోసం జనం వచ్చేవాళ్లు. అంటే ఆ నగరపు 'అభిరుచి'కి ముప్పై ఆరేళ్లు తీపి పెట్టిన చెయ్యి ఆమెది. ఊరికి రుచి నేర్పిన మనుషుల కథ రాసేటప్పుడు ఆమె పేరు రెండో పేరాలో ఎందుకు రాదు? 2020 లెక్కల్లో రెండు లక్షల జనాభా ఉన్న ఆ నగరంలో మూడింట రెండొంతులు నల్లవాళ్లే. ఆ ఊరి వైను సంస్కృతి చరిత్ర రాయాలంటే సీసాల జాబితా కన్నా ముందు వంటింటి హాజరుపట్టీ చూడాలి. నేను అడిగేదంతా ఇంతే.

కులమూ జాతీ ఒకటి కాదని నాకు తెలుసు. 1946లో అంబేద్కర్ డుబాయిస్‌కు ఉత్తరం రాసినప్పుడు రెండూ ఒకటేనని రాయలేదు, రెంటికీ పోలిక ఉందన్నాడు. ఆ పోలిక నాకు పుస్తకాల్లో దొరకలేదు. మా ఊరి మండువ దగ్గర మావాళ్లకు మోదుగాకు డొప్పలోనో తాటిరేకలోనో పైనుంచి ధారగా పోసేవాళ్లు. లొట్టి అంచు రేకకు తగలొద్దు. టీ హోటల్లో మావాళ్ల గ్లాసు బయట మొలకుండేది, తాగినోడే కడిగి పెట్టాలి. పోయినేడు నాయిన నన్ను చూడ్డానికి యూనివర్సిటీకొచ్చాడు. గేటు బయట హోటల్లో ఇద్దరం టీ తాగినం. తాగాక ఆయన గిలాస పట్టుకుని లేచి అటూ ఇటూ చూస్తుండు. ఏం గావాలె నాయినా అన్న. నల్లా యాడుందిరా అన్నడు. బల్ల తుడిచే పిలగాడు వచ్చి, "ఆడ పెట్టు తాతా, మేం కడుగుతం" అన్నడు. నాయిన ఆ గిలాసను బల్ల మీద పెట్టడానికి కొంచెం సేపు పట్టింది.