నామ్ క్యా హై?

మమ్మల్ని లెక్కపెట్టాలంటే ఇప్పుడు మమ్మల్ని అడగక్కర్లేదు. మా పేరు చాలు. పేరులోని అక్షరాలను వరసగా చదివి ఈ మనిషి ముస్లిమా, కాదా అని కంప్యూటర్ చెప్పేస్తుంది. దీన్ని మెషీన్ లెర్నింగ్ అంటున్నారు. మతం ముందే తెలిసిన పేర్లను కుప్పలు కుప్పలుగా దానికి చూపిస్తారు. ఏ అక్షరం పక్కన ఏ అక్షరం వస్తే ఏ మతమో అది పసిగడుతుంది. ఆ తర్వాత ఎన్నడూ చూడని పేరిచ్చినా అంచనా కడుతుంది. దక్షిణాసియా పేర్ల నుంచి మతాన్ని అంచనా వేసే పద్ధతిని రాఫేల్ సూసెవిండ్ 2015లోనే ప్రచురించాడు. అక్షరాల వరసతో నేర్చుకునే యంత్రాన్ని ఆ తర్వాత రోచనా చతుర్వేది, సుగత్ చతుర్వేది తయారుచేశారు.

రైల్లో ఎదుటి సీటాయన చేసే పనే ఇది. పేరడుగుతాడు, వింటాడు, కాస్త సర్దుకుని కూర్చుంటాడు. కాకపోతే ఆయన ఒకసారికి ఒక్కరినే గుర్తుపడతాడు.

అయినా ఈ విద్యను తిట్టి అవతల పడేయడానికి మేం సిద్ధంగా లేం. ఎందుకంటే మమ్మల్ని లెక్కపెట్టండని అడుగుతూ వచ్చింది మేమే. 'బుజ్జగింపు' అని మా మొహాన కొట్టే మాటకు 2006లో సచార్ కమిటీ అంకెలతో జవాబు చెప్పింది. ఐ.ఏ.ఎస్.లో ముస్లింలు 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం. ఈ రెండంకెలు చేసిన పని మా ఉపన్యాసాలు చెయ్యలేదు. కాని సచార్ లెక్క చాలా వరకు రాష్ట్రం దగ్గరో జిల్లా దగ్గరో ఆగింది. మా గల్లీ దాకా రాలేదు.

గల్లీ దాకా వచ్చింది ఈ యంత్రమే. సామ్ అషర్, పాల్ నొవొసాద్, వారి సహచరులు దేశంలోని 15 లక్షల పేటలను పరిశీలించి 2023లో ఒక పరిశోధన బయటపెట్టారు. సామాజిక ఆర్థిక కుల గణనలోని మతం వివరాలను ప్రభుత్వం బయటపెట్టలేదు గనుక పేర్లను బట్టే ఎవరు ముస్లింలో తేల్చుకున్నారు. ఒకే ఊళ్ళో, ఒకే మునిసిపాలిటీలో ముస్లిం పేటలకు, దళిత పేటలకు బడులు, ఆస్పత్రులు, నీళ్ళు, మురుగు కాలవలు తక్కువగా అందుతున్నాయని తేలింది. అన్యాయం ఎక్కువగా జరుగుతున్నది ఊరికీ ఊరికీ మధ్య కాదు, ఊరి లోపలే. జిల్లా సగటు తీస్తే అది మాయమైపోతుంది. పాతబస్తీలో పుట్టిన ఏ పిల్లవాడికైనా తెలిసిన సంగతే ఇది. కాని తెలియడం వేరు, ఎదుటివాడు కాదనలేని కాగితం చేతిలో ఉండడం వేరు. ఇలాంటి కాగితం మాకు కావాలి.

అదే బృందంలోని కొందరు మరికొందరితో కలిసి కోర్టుల మీద పడ్డారు. 2010 నుంచి 2018 దాకా నడిచిన 50 లక్షలకు పైగా క్రిమినల్ కేసుల్లో జడ్జీల పేర్లు, ముద్దాయిల పేర్లు యంత్రంతో చదివించారు. జడ్జి తన మతంవాడిని ఎక్కువగా వదిలేస్తున్నాడా? సగటున అలాంటి మొగ్గు కనపడలేదన్నారు. నిజాయితీగా చేసిన పనే. చెప్పింది చెప్పినంత వరకు మేం ఒప్పుకుంటాం. కాని ఆ కొలత మొదలయ్యేదే కేసు కోర్టు మెట్లెక్కాక. ఎవరిని రాత్రిపూట ఇంట్లోంచి పట్టుకెళ్ళారు, ఎవరి మీద ఏ సెక్షన్ పెట్టారు, ఎవరిని స్టేషన్లోనే మందలించి పంపేశారు - ఇవి అందులో లేవు. ఈ హద్దు పరిశోధకులకు తెలుసు. 'కోర్టుల్లో వివక్ష లేదని కంప్యూటరే తేల్చింది' అని రేపు టీవీలో అరిచేవాడికి తెలియదు, తెలిసినా చెప్పడు.

ఇప్పుడు మా అసలు తగాదా. యంత్రం దృష్టిలో ముస్లిం అంటే ఎవరు? అరబ్బీ, ఫార్సీ వాసన కొట్టే పేరున్నవాడు. మరి మా దూదేకులవాళ్ళు? నూర్‌బాషీలు? పింజారులు? మస్తానమ్మ, దస్తగిరి, హుసేనప్ప, కుళ్ళాయప్ప - వీళ్ళ మతం చెప్పండి చూద్దాం. మేమైతే చెప్పలేం. కసుమూరు మస్తాన్ వలీ దర్గాకు మొక్కుకుని పుట్టిన బిడ్డకు హిందువులూ మస్తానయ్య అని పెట్టుకుంటారు. అనంతపురం జిల్లా గూగూడులో పీర్లపండక్కి నిప్పులు తొక్కేవాడు కుళ్ళాయప్ప కావచ్చు, వాడింట్లో తులసికోట ఉండొచ్చు. మతం దగ్గర పేరు ఆగని నేల మాది. ఇక్కడ యంత్రం తడబడడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఈ తడబాటు అందరి మీదా సమానంగా పడదు. ఉర్దూ చక్కగా తెలిసిన ఇంటివాడు, సయ్యద్‌గా, ఖాన్‌గా చెలామణి అయ్యేవాడు యంత్రానికి తేలిగ్గా దొరుకుతాడు. పత్తి ఏకి బతికిన ఇంటివాడు, ఉర్దూ రాని పల్లెటూరి సాయిబు హిందువుల లెక్కలోకి జారిపోతాడు. అంటే మాలో అట్టడుగువాళ్ళు జారిపోయాక మిగిలినవాళ్ళతో 'ముస్లింల పరిస్థితి' రాస్తారు. తెలుగునాట మా పేదరికం ఉన్నదానికంటే తక్కువగా కనిపించే ప్రమాదం అక్కడుంది. పైగా మాలో కులాలున్నాయన్న సంగతి ప్రభుత్వమే 2007లో ఒప్పుకుంది. 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ సయ్యద్‌లను, మొగల్‌లను, పఠాన్‌లను పక్కన పెట్టింది. దూదేకులవాళ్ళు అంతకుముందే వెనకబడిన తరగతుల్లో వేరుగా ఉన్నారు. యంత్రానికి మాత్రం మేమంతా ఒకే గడి. మమ్మల్ని ఒకే ముద్దగా చూసేవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు. వాళ్ళకు తోడు ఇదొకటి.

పరిశోధకుడి పొరపాటు పుస్తకంలో ఉండిపోతుంది. సర్కారు పొరపాటు కంచంలోకి వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థను పెట్టింది. మతం కనిపెట్టడం దాని పని కాదు. అనేక శాఖల రికార్డుల్లోని పేర్లు, చిరునామాలు పోల్చి ఇద్దరూ ఒకడేనా అని తేల్చడం దాని పని. 2018-19 కేంద్ర ఆర్థిక సర్వే దాన్ని మెచ్చుకుంది. కాని మా పేర్ల సంగతి చూడండి. మొహమ్మద్, మహమ్మద్, ఎండీ. షేక్, షైక్, ఎస్కే. ఉర్దూలో ఒకలా, తెలుగులో ఒకలా, ఇంగ్లీషులో గుమాస్తా దయ ఎలా ఉంటే అలా. ఇంటిపేరు చాలామందికి లేదు. గుంటూరు సందులో నిలబడి 'మస్తాన్' అని కేకేస్తే ముగ్గురు తిరిగి చూస్తారు. హైదరాబాదులో రిక్షా తొక్కి బతికిన ఒకాయనకు కారుందని ఈ వ్యవస్థ చెప్పింది. కారు ఇంచుమించు అదే పేరున్న మరొకాయనది. ఇంట్లో బియ్యం ఆగిపోయాయి.

తెలంగాణలో 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డుల మీద సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఇళ్ళకు వెళ్ళి మళ్ళీ పరిశీలించమని కోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పింది. ఆ జూలై నాటికి చూసిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 అర్హమైనవని తేలాయి. వందకు ఏడున్నర. చదివేవాళ్ళకు చిన్న అంకె. ఆ ఇళ్ళలో పొయ్యి వెలగని పూటలను ఏ యంత్రమూ లెక్కకట్టలేదు.

ఇంకో భయముంది, దాచుకోం. 1984లో ఢిల్లీలో ఓటర్ల జాబితాలు చేతబట్టుకుని సిక్కుల ఇళ్ళు వెతికారు. పేర్లను మతాలుగా విడగొట్టే యంత్రం పండితుడి బల్ల మీద ఒక పని చేస్తుంది, అలాంటి చేతుల్లో ఇంకో పని చేస్తుంది. దాన్ని అందరికీ అందుబాటులో పెట్టేముందు దాని గురించి నాలుగు మాటలు రాయాల్సింది మా ఒక్కరమే కాదు.

అందుకే పరిశోధకులను మేం అడిగేది ఇది. మీ యంత్రం సగటున ఎంత సరిగ్గా చెబుతుందో కాదు, ఎవరి దగ్గర తప్పుతుందో విడిగా అచ్చువెయ్యండి. రాయలసీమలోనో నెల్లూరులోనో ఒక పది ఊళ్ళు తీసుకోండి. పేర్లు తెలుగు అక్షరాల్లోనే రాసుకోండి. ముందు యంత్రాన్ని అడగండి. తర్వాత గడప ముందు నిలబడి ఆ మస్తానమ్మనే అడగండి. రెండు జవాబులూ పక్కపక్కనే వెయ్యండి. మేం చదువుతాం.