చేతులు దించండి, ఛాతీ దించకండి

బృందగాన సాధనకు వచ్చేవారిలో చాలామంది గొంతు కోసం విడిగా గురువును ఆశ్రయించినవారు కారు. పగలంతా పనిచేసి, వంగిన వెన్నుతో, బిగిసిన దవడతో నేరుగా సాధనకు వస్తారు. వాళ్లకు పాట నేర్పే కండక్టరే గొంతునూ తీర్చిదిద్దాలని నమ్మిన జర్మన్ ఆల్టో గాయని ఫ్రౌకె హాసెమన్. హెర్ఫోర్డ్‌లో విల్‌హెల్మ్ ఎమన్‌తో కలిసి పనిచేశాక, అమెరికాలో అప్పట్లో ప్రిన్స్‌టన్‌లో ఉన్న వెస్ట్‌మినిస్టర్ క్వయర్ కాలేజీలో ఆమె బోధించారు. జేమ్స్ జోర్డాన్‌తో కలిసి రాసిన 'గ్రూప్ వోకల్ టెక్నిక్' 1991లో వెలువడింది. ఆమె కన్నుమూసిందీ ఆ ఏడాదే.

ఈ బాటలో సాగే వార్మప్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది వ్యాయామానికీ స్వరానికీ మధ్య అతుకు కనిపించకపోవడం. ముందు కాసేపు కసరత్తు, తర్వాత సరళీస్వరాలు అన్న విభజన ఇక్కడ లేదు. ప్రతి కదలికా గొంతులో ఒక పని చక్కబెట్టడానికే వస్తుంది.

చేతులెత్తే అభ్యాసమే చూడండి. రెండు చేతులూ తలపైకి చాచి ఊపిరి తీసుకుంటే పక్కటెముకలు వాటంతటవే పైకి లేచి విచ్చుకుంటాయి. ఇప్పుడు చేతులు మెల్లగా దించాలి, ఛాతీని మాత్రం అక్కడే నిలపాలి. అదే భంగిమలో 'స్‌స్' అంటూ గాలిని సన్నగా, ఒకే తీరుగా వదలాలి. పక్కటెముకలు ఒక్కసారిగా కూలకపోతే గాలి ఒత్తిడి అదుపులో ఉంటుంది, స్వరం వణకదు. డయాఫ్రం గురించి గంటసేపు ఉపన్యసించినా అందని సంగతి నలభైమందికీ ఒక్క నిమిషంలో ఒంటికి పడుతుంది. ఎంత పొదుపైన బోధన!

ఆ తర్వాత భుజాలు తిప్పడం, పక్కవారి వీపు తట్టడం. నడుము దగ్గర వంగి చేతులు వేలాడేసి ఊపిరి తీసుకుంటే, గాలి వీపు వైపు కూడా చోటు చేసుకుంటుందని తెలుస్తుంది. పైస్థాయి నుంచి కిందికి జారే నిట్టూర్పుతో గాత్రం మొదలవుతుంది, చెయ్యి కూడా ఆ స్వరంతో పాటే వంపు తిరుగుతూ దిగుతుంది. కింది నుంచి పైకి ఎక్కించే అభ్యాసాలు తర్వాతే, ఎందుకంటే చల్లగా ఉన్న గొంతు పైకెక్కమంటే బిగుసుకుంటుంది. పెదవులను 'బ్ర్‌ర్' అని అదిరించే అభ్యాసంలో పెదవుల దగ్గర ఏర్పడే ఎదురు ఒత్తిడి స్వరతంత్రుల మీద భారం తగ్గిస్తుంది.

పైస్వరం అందుకునేటప్పుడు మోకాళ్లు కొద్దిగా వంచమనడం మరో చక్కని ఎత్తు. స్వరం పైకి పోతుంటే మెడ, గడ్డం కూడా పైకి సాగాలని చూస్తాయి. ఒళ్లు కిందికి దిగితే ఆ లాగుడు తెగిపోతుంది. పైగా బిగబట్టిన మోకాళ్లతో చాలాసేపు నిలబడితే కళ్లు తిరుగుతాయి, వేదికపై అలా పడిపోయే గాయకులున్నారు.

మన చెక్కభజనలో అడుగూ పాటా కలిసే నడుస్తాయి, చూసేవారికి ఆ రెండూ కావాలి. ఇక్కడ మాత్రం కదలిక సాధన గదికే పరిమితం. ఒకసారి చేతితో గీసిన వంపును తర్వాత చెయ్యి కదపకుండానే పాడించాలి. ఏ కదలికను ఎప్పుడు ఆపించాలో తెలిసిన కండక్టర్ పనితనం నాకు మరీ గొప్పగా తోస్తుంది. త్వరగా ఆపితే అలవాటు నిలవదు, ఆలస్యమైతే గాయకులు చేతుల మీదే ఆధారపడతారు. నిలబడలేని పెద్దవారు కుర్చీ అంచున కూర్చుని, పాదాలు నేలకు ఆనించి ఇవన్నీ చేయవచ్చు, ఒక్క మోకాళ్ల అభ్యాసం తప్ప.