తిరుగు దారి

లక్షెట్టిపేట దాటేసరికి చీకటి పడింది. జన్నారం అడవిలోకి వచ్చాక హెడ్‌లైట్ల వెలుగు పచ్చబడటం మొదలైంది. ఎక్సలరేటర్ తొక్కితే కాస్త తేరుకుంటుంది, మలుపులో నెమ్మదిస్తే కిరసనాయిలు బుడ్డిలా కుంగిపోతుంది. కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్తున్నాం. ఎలాగో చేరాం. పుష్య అమావాస్య నాటి ఆదిలాబాద్ చలిలో తెల్లవారి సెల్ఫ్ కొడితే మా నాన్న కాలం నాటి అంబాసిడర్ ఒక్కసారి మూలిగి ఊరుకుంది. జాతరకొచ్చిన కుర్రాళ్లు నలుగురు తోస్తే గాని కదల్లేదు.

బ్యాటరీ వేసి నెలన్నరే అయింది. అంతకు ముందుదీ ఏడాది తిరగకుండానే పోయింది. కరీంనగర్ చేరగానే మూడోది కొందామనుకున్నాను. కానీ ముందుగా పాత బండ్ల వైరింగ్ చూసే ముసలి మిస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన్ని నేను చిన్నప్పటి నుంచీ కాకా అనే పిలుస్తాను.

“గుమ్మిల వడ్లు లేకుంటె గుమ్మిని మారుస్తరా బిడ్డా? పొలమెట్లున్నదో చూస్తరు గని,” అన్నాడు కాక. బ్యాటరీని విప్పి రాత్రంతా చార్జింగ్‌కు పెట్టి, మర్నాడు రమ్మన్నాడు.

పొద్దున మీటర్ పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు చూపింది. నిండుగా ఉన్న బ్యాటరీ చూపాల్సిన లెక్కే అది. 12.2కు దిగితే సగమే ఉన్నట్టు. తర్వాత ఫ్యాన్ బెల్ట్ మీద బొటనవేలితో నొక్కాడు. అర అంగుళం లోపలికి పోయింది. అదీ సరిగ్గానే ఉంది.

ఆపైన డైనమో వంతు. దాని వెనక రెండు వైర్లుంటాయి, ఒకటి డి, ఇంకొకటి ఎఫ్. రెండూ ఊడదీసి, ఆ రెండు టెర్మినళ్లనూ చిన్న తీగతో కలిపాడు. మీటర్ ఒక కొస దానికి, రెండో కొస డైనమో ఒంటికి. ఇంజిన్‌ను ఐడిలింగ్ కంటే కొంచెం పైన నడిపించాడు. ఇక్కడ అర వోల్టు దగ్గరే ముల్లు ఆగితే ఫీల్డ్ చుట్టలో లోపం, నాలుగైదు దగ్గర ఆగితే ఆర్మేచర్‌ను అనుమానించాలి. ముల్లు ఎక్కడా ఆగకుండా 15 దాటింది. “డైనమో బంగారం లెక్క ఉన్నది,” అన్నాడు. వైర్లు మళ్లీ బిగించి, డైనమోను బ్యాటరీతో కలిపే కటౌట్ డబ్బా మూత తీశాడు. పాయింట్లు శుభ్రంగానే ఉన్నాయి.

బ్యాటరీ మంచిదే, డైనమో మంచిదే, కటౌట్ మంచిదే. మరి కరెంటు ఎటు పోతోంది?

“ఇప్పుడు లైట్లేసి రేజ్ చెయ్యి,” అన్నాడు. మీటర్ కొస ఒకటి డైనమో ఒంటికి, ఇంకొకటి బ్యాటరీ మైనస్ టెర్మినల్‌కు ఆనించాడు. రెండూ ఎర్తే కదా కాకా, దాంట్లో చూసేదేముంది అన్నాను. “గదే సూడాలె. అందరు కరెంటు పొయ్యే తొవ్వ జూస్తరు, వచ్చే తొవ్వ ఎవ్వరు జూడరు.” సున్నా దగ్గర ఉండాల్సిన ముల్లు రెండున్నర వోల్టుల దగ్గర నిలబడింది. తర్వాత కాయిల్ వైరు తీసి సెల్ఫ్ కొట్టమన్నాడు. నా చేతిని తెచ్చి చోక్ కేబుల్ మీద పెట్టాడు. వేడిగా ఉంది.

అర్థం కావడానికి నాకో నిమిషం పట్టింది. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. బాడీతో దానికి కరెంటు సంబంధం ఉండేది ఒకే ఒక్క అల్లిక పట్టీతో. ఏడాది కిందట వేరే చోట ఇంజిన్ పని చేయించినప్పుడు దానికి కొత్త రంగు వేశారు. ఆ రంగు మీదే పట్టీ బోల్టు బిగించారు. రంగు కరెంటును పోనివ్వదు. బోల్టు మరల్లో ఎక్కడో దొరికిన కాసింత సందులోంచి డైనమో కరెంటు ఈడ్చుకుంటూ నడిచింది. సెల్ఫ్‌కు కావాల్సిన వందల ఆంపియర్లకు ఆ సందు చాలక, అవి చోక్ కేబుల్ తీగను దారి చేసుకున్నాయి. కాక ఆ చోట రంగు గీకి, లోహం తళతళలాడేదాకా ఆకురాయి పట్టి, కొత్త పట్టీ బిగించాడు. మళ్లీ లైట్లు వేసి చూస్తే ముల్లు సున్నా మీదే కూర్చుంది.

లోడ్ లేనప్పుడు పరీక్షిస్తే ఏ అతుకైనా మంచిదిగానే కనబడుతుందని ఆ రోజు తెలుసుకున్నాను. వైర్లు ఊడదీసి చూసినప్పుడు కరెంటు పారదు, కాబట్టి అడ్డు ఉన్నా తెలియదు. రెండు హెడ్‌లైట్లు చెరి 45 వాట్లయితే ఏడున్నర ఆంపియర్లు లాగుతాయి. ఆ తరం డైనమో బాగా పరుగెత్తినప్పుడు ఇచ్చేదే 20 ఆంపియర్ల చుట్టూ. నెమ్మదిగా పోతుంటే అందులో సగమూ రాదు. అందుకే చార్జింగ్ లోపం ఎప్పుడూ రాత్రిపూట, వానలో, ఘాట్ రోడ్డు మీదే బయటపడుతుంది.

ఆల్టర్నేటర్ ఉన్న బండి వాళ్లకూ ఇదే వరుస. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టులు రావాలి. 15 దాటితే రెగ్యులేటర్ చెడి బ్యాటరీని ఉడకబెడుతున్నట్టు. లైట్లు వేసి రేజ్ చేసినప్పుడు ఎర్త్ వైపు 0.2 వోల్టు మించి పోకూడదు. ఒక్కటి మాత్రం చేతులెత్తి మొక్కి చెప్తాను: బండి నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చార్జింగ్ చూసే పాత అలవాటు మానండి. ఆ క్షణంలో ఎగసిపడే వోల్టేజికి ఆల్టర్నేటర్ డయోడ్లు కాలిపోతాయి.

ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. ఇప్పుడు మన దగ్గరున్న ప్రతి డైనమోకూ ప్రతి కటౌట్ డబ్బాకూ విలువ పెరుగుతోంది. వాటిని ఊరికే అనుమానించి పారేయడం ఓ పెద్ద నష్టం. వెతకడానికి ఒక పూట ఆగితే బండి బతుకుతుంది.

జాతర నాటికి మెస్రం వంశపు గోండులు కాలినడకన జన్నారం వైపు హస్తినమడుగు దాకా వెళ్లి, గోదావరి జలం తీసుకుని మళ్లీ నడిచే కేస్లాపూర్ చేరతారు. ఆ నీళ్లు తిరిగొచ్చాకే నాగోబాకు అభిషేకం. ఇప్పుడు నేను ఏటా జాతరకు బయల్దేరే ముందు రోజు సాయంత్రం లైట్లన్నీ వేసి, రేజ్ చేసి, ఇంజిన్ ఒంటికీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య మీటర్ పెట్టి చూస్తాను. ముల్లు కదలకపోతేనే తాళం జేబులో వేసుకుంటాను.