పిలాతు కడుక్కున్న చేతులు

సువార్తలలో యేసు విచారణ ఘట్టం గొప్ప నాటకీయ రచన. దాన్ని భక్తితో చదివేవారితో నాకు పేచీ లేదు. కాని విమర్శకుడు అడగవలసిన ప్రశ్న ఒకటి వున్నది: మరణశిక్ష విధించే అధికారం యెవరిది? కథనం నిందను యెవరి నెత్తిన పెట్టింది?

క్రీ.శ. 6లో యూదయ రోము ప్రత్యక్ష పాలన కిందికి వచ్చింది. పన్నుల కోసం జనాన్నీ ఆస్తులనూ లెక్కించగానే గలిలయుడైన యూదా నాయకత్వాన ప్రతిఘటన లేచింది. 26 నుంచి 36 వరకు అక్కడ రోము అధికారి పొంతి పిలాతు. మరణశిక్ష అతని చేతిలోనిది. ప్రధాన యాజకుడు కయప కూడా పిలాతుకు ముందున్న రోమను అధికారి నియమించినవాడే. పండుగనాడు ధరించే యాజక వస్త్రాలు సయితం రోమనుల అధీనంలోనే వుండేవి. కాబట్టి యాజకవర్గం స్వతంత్ర శక్తి కాదు. సామ్రాజ్యం నిలబెట్టిన స్థానిక పెత్తందారీ వర్గం.

యోహాను కథనంలో, ముద్దాయిని విడిచిపెడితే చక్రవర్తికి ద్రోహం చేసినట్లేనని పిలాతును బెదిరిస్తారు. ఆ బెదిరింపులో కాలం పలుకుతున్నది. తిబెరియ చక్రవర్తి కాప్రి దీవిలో వుండగా రోములో రాజద్రోహ విచారణలు సాగాయి. 31లో అతని కుడిభుజం సెజానస్ ప్రాణమే పోయింది. పిలాతు జంకుకు సెజానస్ పతనమే కారణమని కొందరంటారు. విచారణ 30లోనా, 33లోనా అన్నది తేలనంతవరకు ఆ వాదం నిలవదని నా అభిప్రాయం. భయం వ్యక్తిది కాదు, వ్యవస్థది.

అసలు పిలాతు అంత మెత్తనివాడా? ఫిలో అతణ్ణి క్రూరుడన్నాడు. దేవాలయ ధనంతో నీటి కాలువ కట్టించి, అడ్డుచెప్పిన జనాన్ని దుడ్డుకర్రలతో కొట్టించాడని జోసీఫస్ రాశాడు. గెరిజీము కొండ దగ్గర సమరయులను చంపించినందుకే అతని ఉద్యోగం పోయింది.

ఈ క్రూరుణ్ణి సువార్తలు తటపటాయించే న్యాయాధిపతిగా యెందుకు మలిచాయి? 70లో రోము సైన్యం యెరూషలేమును నేలమట్టం చేసింది. సువార్తలు రూపుదిద్దుకున్నది ఆ రోజుల్లోనే. రోము నీడలో బతకవలసిన చిన్న సమాజం రోమును నిందించలేదు. చేతులు కడుక్కోవటం, ఆ రక్తదోషాన్ని జనం తమమీద వేసుకోవటం మత్తయిలో మాత్రమే వున్నాయి. ఆ ఒక్క ఘట్టాన్ని చూపి శతాబ్దాలపాటు యూదులను హింసించారు. యూదులందరినీ దోషులనకూడదని వాటికన్ మహాసభ ప్రకటించింది 1965లో!

అయినా కథనం నిజాన్ని పూర్తిగా కప్పలేకపోయింది. సిలువ రోము బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే శిక్ష. యూదుల రాజన్న నేరారోపణ ఆ సిలువమీదనే వున్నది; నాలుగు సువార్తలూ దాన్ని దాచలేదు. సామ్రాజ్యం చేతులు కడుక్కున్నా, తీర్పుమీద దాని వేలిముద్ర చెరగలేదు.