ఖాళీగా వదిలిన గడి

సోమవారం ఆఫీసుకు రాగానే నేను చేసే మొదటి పని, సింగపూర్ తుయాస్‌లోని ఒక చిన్న మెషిన్ షాపుకి రాబోయే పన్నెండు వారాల ఫోర్‌కాస్ట్ పంపడం. మా జురాంగ్ ఫ్యాక్టరీకి అల్యూమినియం బ్రాకెట్లు అక్కడే తయారవుతాయి. ఆ షాపు పెద్దాయన్ని, ఇక్కడి అలవాటు ప్రకారం, అంకుల్ అంటాను.

కొన్నేళ్ల కిందట, సరుకు అందదేమోనన్న భయంతో నాలుగు వందల బ్రాకెట్లు కావలసిన చోట ఫోర్‌కాస్ట్‌లో ఆరు వందలు వేశాను. పర్చేజ్‌లో చాలామంది చేసే పనే. అంకుల్ ఆ అంకె నమ్మి అల్యూమినియం రాడ్లు తెప్పించారు. తీరా ఆర్డరు నాలుగు వందలకే వెళ్లింది. నేను వెళ్లేసరికి మిగిలిన రాడ్లు గోడవారగా పేర్చి ఉన్నాయి. అంకుల్ కోప్పడలేదు. "నీకు నిజంగా ఎన్ని కావాలి?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆర్డర్లు ఇలా ఊగిపోవడం గురించి 1997లో హావ్ లీ, పద్మనాభన్, వాంగ్ రాసిన వ్యాసంలో ప్రాక్టర్ అండ్ గాంబుల్ డైపర్ల సంగతి ఉంది. పసిపిల్లల వాడకం నిలకడగానే ఉంటుంది, దుకాణాల అమ్మకాలూ పెద్దగా మారవు. డిస్ట్రిబ్యూటర్ల ఆర్డర్లు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి. కంపెనీ తన సప్లయర్లకిచ్చే ఆర్డర్లు ఇంకా ఊగాయి. పిడి కాస్త కదిలితే కొరడా కొస అంతెత్తు లేస్తుంది కదా, అందుకే ఈ ఊగిసలాటకి బుల్‌విప్ అని పేరు. నేను కలిపిన రెండు వందలూ అలాంటి కదలికే.

సమాచారం సరిగ్గా అందితే ఈ ఊపు తగ్గుతుంది. కాగితం వదిలించుకుని దాన్ని పంపడం సింగపూర్‌కి కొత్త కాదు. కస్టమ్స్ పర్మిట్ల కోసం 1989లోనే ట్రేడ్‌నెట్ వచ్చింది. 2019 నుంచి పెప్పోల్ నెట్‌వర్క్ మీద ఇన్‌వాయిస్‌లు ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకో కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోకి నేరుగా వెళ్తున్నాయి. దాన్నే ఇన్‌వాయిస్‌నౌ అంటున్నారు. మళ్లీ టైపు చేసే బాధ తప్పిందని షాపు లెక్కలు చూసే అంకుల్ కూతురు సంబరపడుతుంది. నాకూ సంతోషమే. కాని ఇన్‌వాయిస్ అనేది పని అయ్యాక వచ్చేది. రాడ్ కొనాలా వద్దా అని తేల్చుకునే రోజున అంకుల్‌కి తెలియాల్సింది వేరు: మా గోడౌన్‌లో ఎంత ఉంది, లైన్ మీద వారానికి ఎంత పోతోంది, ఏ అంకె మీద మాకే నమ్మకం లేదు.

స్టాకు వివరాలు బయటపెడితే బేరంలో పట్టు పోతుందని మా ఆఫీసులో కొందరు వెనకాడారు. ధరలు దాచుకుందామంటే ఒప్పుకుంటాను. వాడకం దాచడం మాత్రం తప్పని గట్టిగా వాదించాను.

ఈ సోమవారం పదకొండో వారం గడి ఖాళీగా వదిలి, పక్కన "కస్టమరు ఇంకా తేల్చలేదు" అని రాశాను. అరగంటలో అంకుల్ ఫోన్ చేశారు. ఆ వారానికి రాడ్ ఇప్పుడే కొనరట, మెషిన్ మాత్రం ఖాళీగా ఉంచుతారట.