తూటా తగలకుండానే కూలిన విమానం

వెనక శత్రువు లేడు. రెక్కకు ఒక్క తూటా కూడా తగల్లేదు. అయినా ఇంజిన్ దగ్గింది, పొగ చిమ్మింది, ప్రొపెల్లర్ ఆగిపోయింది. రెండో ప్రపంచయుద్ధపు విమానాలను కంప్యూటర్‌లో నడిపే సిమ్యులేటర్లకు కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది ఇలాగే ఓడిపోతారు. థ్రాటిల్‌ను చివరిదాకా నెట్టి, ఆ సంగతే మరిచిపోతారు.

2001లో వచ్చిన ‘ఐఎల్-2 స్టుర్మోవిక్’లోనే ఇంజిన్ వేడెక్కిందన్న హెచ్చరిక తెరమీద కనిపించేది. 2011 నాటి ‘క్లిఫ్స్ ఆఫ్ డోవర్’, ఆ తర్వాత ‘డీసీఎస్ వరల్డ్’ మరింత కఠినమయ్యాయి. ఇప్పుడు గురి కుదరడం సగం విద్యే. మిగతా సగం మీటర్ల ముళ్లను చదవడం.

మొదటి ప్రమాదం అతివేగం. పిస్టన్ పైకెళ్లి, ఆగి, కిందికి దూకుతుంది, నిమిషానికి వేలసార్లు. ఆ కుదుపు భారమంతా కనెక్టింగ్ రాడ్లదే. ఆ భారం వేగంతో సమానంగా కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 3000 చుట్లు తిరగాల్సిన ఇంజిన్ 3600 తిరిగితే వేగం పెరిగింది 20 శాతమే. రాడ్ల మీద బలం 44 శాతం పెరుగుతుంది.

ఘాట్ రోడ్డు దిగుతూ స్కూటర్‌ను మొదటి గేరులో ఉంచితే ఇంజిన్ ఎలా కీచుమంటుందో డైవ్‌లో విమానం పరిస్థితీ అంతే. ఎదురుగాలి ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది, ప్రొపెల్లర్ ఇంజిన్‌ను తిప్పుతుంది. తొలి మెసర్‌ష్మిట్ 109-ఈ రకాల్లో ప్రొపెల్లర్ రెక్కల కోణాన్ని పైలటే మార్చుకోవాలి. ఆ కోణం చూపే మీటరు అచ్చం గడియారంలా ఉంటుంది. ముక్కు కిందికి దించేముందు దాని ముల్లు వెనక్కి తిప్పనివాడికి ‘క్లిఫ్స్ ఆఫ్ డోవర్’లో ఇంజిన్ మిగలదు.

రెండోది వేడి. కొండెక్కి రేడియేటర్ పొగలు కక్కిన బస్సును, బోనెట్ ఎత్తి నిలబడ్డ డ్రైవర్‌ను చూడనివాళ్లు తక్కువ. విమానానికీ నిటారుగా, నెమ్మదిగా ఎక్కేటప్పుడే కష్టం: శక్తి పూర్తిగా వాడాలి, చల్లబరిచే గాలి మాత్రం చాలదు. స్పిట్‌ఫైర్ నేలమీద ఎక్కువసేపు నడిచినా మరిగిపోయేది. రేడియేటర్ తలుపులు బార్లా తెరిస్తే చల్లబడుతుంది గానీ గాలి అడ్డం తగిలి వేగం తగ్గుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కాసేపు ఎక్కి, ముక్కు కొంచెం దించి, వేగం పుంజుకున్నాక మళ్లీ ఎక్కుతారు. పీ-51డీ మస్టాంగ్‌లో తలుపులు వాటంతటవే కదులుతాయి. అయినా కూలెంట్ 121 డిగ్రీల సెల్సియస్ దాటకుండా కన్నేసి ఉంచాల్సిందే.

లివర్లకూ ఒక వరస ఉంది. శక్తి పెంచాలంటే ముందు ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు), తర్వాత థ్రాటిల్. తగ్గించాలంటే ముందు థ్రాటిల్, ఆపైన ఆర్‌పీఎం. నెమ్మదిగా తిరుగుతున్న ఇంజిన్‌లోకి ఒత్తిడితో గాలి నింపితే ఇంధన మిశ్రమం సిలిండర్‌లో అదుపు తప్పి పేలుతుంది. పిస్టన్లు కరిగేది అలాంటప్పుడే.

అసలు వాదన గడియారం దగ్గర మొదలవుతుంది. ఇంజిన్‌లోకి నింపే గాలి ఒత్తిడిని పాదరసపు అంగుళాల్లో కొలుస్తారు. మస్టాంగ్ మాన్యువల్ ప్రకారం 61 అంగుళాల ఒత్తిడి 15 నిమిషాలు, 67 అంగుళాలు 5 నిమిషాలే వాడాలి. కొత్త ‘ఐఎల్-2’ ఆటల్లో ఇలాంటి గడువు దాటితే కాసేపటికే ఇంజిన్ పాడయ్యేది. ఇది అన్యాయమన్నవాళ్ల దగ్గర పీ-40 ఉదాహరణ ఉంది: దాని ఆలిసన్ ఇంజిన్‌ను యుద్ధకాలంలో ఆస్ట్రేలియాలో 66 అంగుళాల దాకా, మధ్యప్రాచ్యంలో 70 దాకా తోశారని తయారీ కంపెనీయే నమోదు చేసింది. అనుమతించిన హద్దుకు అది చాలా పైమాట. మాన్యువల్ అంకె ఇంజిన్ చచ్చే క్షణం కాదు. అరుగుదలను అదుపులో ఉంచి, తర్వాతి పైలట్‌కు ఇంజిన్‌ను భద్రంగా అప్పగించేందుకు గీసిన గీత. అలాగని గడువే లేకపోతే ఆటగాళ్లెవరూ థ్రాటిల్ వెనక్కి లాగరు. ఎప్పుడు దూకాలి, ఎప్పుడు ఓపిక పట్టాలి అన్న లెక్కే పోతుంది.

నిజమైన మస్టాంగ్‌లో 61 అంగుళాల దగ్గర థ్రాటిల్‌కు అడ్డంగా సన్నని తీగ ఉండేది. దాన్ని తెంచి ముందుకు నెట్టిన పైలట్ దిగాక ఆ సంగతి చెప్పాలి, మెకానిక్‌లు ఇంజిన్‌ను పరీక్షించాలి. సిమ్యులేటర్‌లో ఆ మెకానిక్‌లు లేరు. ఒక్క మీట నొక్కితే కొత్త విమానం, కొత్త ఇంజిన్, తెగని తీగ.